క్యాన్సర్ పరిశోధన నుంచి ఆసుపత్రి డైరెక్టర్ కుర్చీ దాకా

క్యాన్సర్ డాక్టరై, పరిశోధన చేసి, ఆసుపత్రి డైరెక్టర్ కావాలనుకుంటే ముందు ఏళ్ల లెక్క చూసుకోండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ లేదా ఎంఎస్ 3 ఏళ్లు, నీట్ ఎస్‌ఎస్ (సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష) రాసి క్యాన్సర్‌లో డీఎం (మందుల వైద్యం) లేదా ఎంసీహెచ్ (సర్జరీ) మరో 3 ఏళ్లు. రేడియేషన్ ఆంకాలజీ (రేడియేషన్‌తో క్యాన్సర్ వైద్యం) అయితే ఎండీతోనే స్పెషలిస్టు అవుతారు.

పరిశోధనలో అసలు పని ప్రశ్న ఎంచుకోవడం. మందుల కంపెనీల ట్రయల్స్‌కు (రోగుల మీద చేసే పరీక్షలకు) రోగుల్ని చేర్చిపెడితే పేపర్లలో పేరొస్తుంది, అంతే. మీ ఓపీకి వచ్చే రోగి భరించగలిగే వైద్యాన్నే పరీక్షకు పెట్టండి. ముంబయి టాటా మెమోరియల్ సెంటర్‌కు డైరెక్టరుగా చేసిన రొమ్ము క్యాన్సర్ సర్జన్ రాజేంద్ర బడ్వే బృందం అదే చేసింది. ఆపరేషన్‌లో కణితిని తీయడానికి 7–10 నిమిషాల ముందు దాని చుట్టూ 0.5 శాతం లిడోకెయిన్ ఎక్కించారు. పళ్ల డాక్టర్ల దగ్గర ఉండే మామూలు మత్తుమందే! దాదాపు 1,600 మంది మీద చూస్తే, ఐదేళ్లకు బతికున్నవారు ఇంజెక్షన్ లేనివాళ్లలో 86.4 శాతం, ఉన్నవాళ్లలో 90.1 శాతం. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి.

తొలి రోగిని చేర్చకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) ట్రయల్ నమోదు కావాలి. తర్వాత చేద్దామంటే పెద్ద జర్నళ్లు పేపరు తిప్పి పంపుతాయి. ఎంతమంది రోగులు కావాలో స్టాటిస్టీషియన్‌తో మొదటే తేల్చుకోండి. ఎక్కువగా దెబ్బతినేది ఫాలోఅప్ దగ్గర: రోగి ఊరెళ్లి సిమ్ మార్చేస్తాడు. ఇద్దరు బంధువుల నంబర్లు, ఆశా కార్యకర్త నంబరు చేరిన రోజే రాసుకోండి.

పదవి కన్నా ముందు ట్యూమర్ బోర్డులో (రోగి చికిత్సను వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి తేల్చే సమావేశం), మందుల కొనుగోలు కమిటీలో కూర్చోండి. రెండోది ఎవరికీ ఇష్టముండదు గానీ ఆసుపత్రి నడక తెలిసేది అక్కడే. ధర ఒక్కటే చూసి టెండరిస్తే సరఫరా ఆగి, 21 రోజులకోసారి ఇవ్వాల్సిన కీమో తప్పుతుంది. ఆలస్యానికి జరిమానా, కనీస నిల్వ షరతుల్లో రాయించండి. చిన్న ఆసుపత్రికి ఒంటరిగా బేరమాడే బలం ఉండదు. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో చేరితే కలిసి కొనే వీలుంటుంది. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ కిందిదే. తెలుగువాళ్లు ఈ పద్ధతులు దగ్గర్లోనే చూడొచ్చు.

లినాక్ (రేడియేషన్ ఇచ్చే) యంత్రం కొంటే బంకర్ (దాన్ని పెట్టే మందపాటి గోడల గది) ప్లానుకు అణుశక్తి నియంత్రణ బోర్డు ఏఈఆర్‌బీ అనుమతి ముందు తీసుకుని, ఆ తర్వాతే గోడ లేపండి. మెడికల్ ఫిజిసిస్టు (రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే నిపుణుడు), రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు నియామకాలూ అప్పుడే మొదలుపెట్టాలి. లేకపోతే యంత్రం వచ్చి పెట్టెల్లోనే పడుంటుంది, వారంటీ మాత్రం కరిగిపోతుంది.