వేరే దేశం బ్రాండ్ దుస్తులు కొనేటప్పుడు సరైన సైజు ఎంచుకోవడం ఎలా?

ఒక బ్రాండ్‌లో ఎం సరిపోయే ఆవిడకి ఇంకో బ్రాండ్‌లో ఎల్ కూడా తుంటి దగ్గర పట్టేస్తుంది. వెంటనే లావయ్యానేమోనని టెన్షన్ పడతారు. చాలాసార్లు తేడా ఒంట్లో ఉండదు, ఏ సైజుకి ఎంత కొలతో చెప్పే కంపెనీ చార్టులో ఉంటుంది. కంపెనీలు మామూలుగా ఒక సైజుకి నమూనా తయారుచేసి, మిగతావన్నీ దాన్నే పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. ఆ మొదటి నమూనా ఎలాంటి ఒంటికి తీశారన్నదే అసలు సంగతి.

1939–40లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15 వేల మంది స్త్రీలను ఒక్కొక్కరికీ 59 కొలతల చొప్పున కొలిపించింది. తెల్లజాతివారు కానివాళ్ల కొలతలను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. 1958లో అక్కడ వచ్చిన సైజుల ప్రమాణానికి ఆధారం ఆ లెక్కలే. 1983లో దాన్ని ఎత్తేశారు. ఇక ఎవరి చార్టు వాళ్లదే.

1. కొలుచుకోండి. పల్చటి బట్టలమీద, అద్దం ముందు. టేపు వెనకవైపు జారిపోకుండా చూసుకోండి. ఛాతీ, తుంటి అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట కొలవాలి. పక్కకి వంగితే మడత పడే చోటే నడుము. పొట్ట లోపలికి బిగబట్టకండి, కొనేది ఊపిరి పీల్చే మనిషికి కదా! అన్నీ సెంటీమీటర్లలో రాసుకోండి.

2. తుంటిలోంచి నడుము తీసేయండి. చాలామంది వదిలేసేది ఇదే. ఇద్దరికీ తుంటి 98 అనుకుందాం. ఒకరి నడుము 72, ఇంకొకరిది 82. తేడా ఒకరికి 26, మరొకరికి 16. చార్టులో 98 తుంటికి నడుము 76 అని ఉంటే, మొదటావిడకి ప్యాంటు వెనక నడుం దగ్గర తెరుచుకుని నిలబడుతుంది, రెండో ఆవిడకి బటనే పడదు. తుంటి సైజు ఇద్దరికీ ఒకటే! ఎత్తు విషయంలోనూ ఇంతే. తూర్పు ఆసియావారిలో ఎత్తుతో పోలిస్తే కాళ్ల పొడవు సగటున తక్కువ, ఆఫ్రికా మూలాలవారిలో ఎక్కువ. అందుకని ఎత్తొక్కటే చూసి ప్యాంటు కొనకండి, లోపలి కాలి పొడవు కూడా కొలుచుకోండి. సగటు మాత్రం సగటే. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్ల ఒడ్డూపొడుగులే కలవవు.

3. లేబుల్ మీది అంకెను నమ్మకండి. జర్మనీ 38 అంటే సుమారుగా ఫ్రాన్స్‌లో 40, ఇటలీలో 44, బ్రిటన్‌లో 12, అమెరికాలో 8. కొనేవాళ్లు సంతోషిస్తారని పెద్ద కొలతకి చిన్న అంకె వేసే కంపెనీలూ ఉన్నాయి.

4. చార్టులో ఉన్నది ఒంటి కొలతా, బట్ట కొలతా? బట్టదైతే మీ కొలతకంటే కాస్త ఎక్కువ ఉండాలి, సాగే గుడ్డకి అంత అక్కర్లేదు. అనుమానం ఉంటే మీకు బాగా కుదిరిన చొక్కాని నేలమీద పరిచి, ఒక చంక నుంచి ఇంకో చంక దాకా కొలిచి, రెట్టింపు చేసి పోల్చండి.

5. ఛాతీ ఒక సైజులో, తుంటి ఇంకో సైజులో పడితే పెద్దదే తీసుకోండి. లూజుగా ఉన్నచోట టైలర్ కుట్టు వేస్తారు. బిగుతుగా ఉంటే వదులు చేయడానికి రెడీమేడ్‌లో లోపల గుడ్డ పెద్దగా వదలరు. జాకెట్లు, కోట్లకి మాత్రం ముందు భుజం చూడండి, దాన్ని సరిచేయాలంటే చేతులు విప్పి మళ్లీ కుట్టాల్సిందే.