హీట్ పైపు మంచిదో కాదో ఎలా పరీక్షించాలి?

ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ దాకా మోసుకెళ్లే సన్నని రాగి గొట్టమే హీట్ పైపు. లోపలి గాలి తీసేసి, కొద్ది చుక్కల నీళ్లు పోసి సీల్ చేస్తారు. వేడి చివర నీరు ఆవిరై, చల్లటి చివర మళ్లీ నీరవుతుంది. దీపం వత్తి నూనెను లాగినట్టు, లోపలి గోడకు అంటిన రాగి పొడి పొర ఆ నీటిని వెనక్కి లాగుతుంది. ఈ పొరనే వత్తి అంటారు. గాజువాక ఆటోనగర్‌లోని చిన్న షెడ్డులోనైనా ఈ పరీక్షలు చేసుకోవచ్చు.

ముందు కళ్లతో చూడండి. సీల్ కొసలో పగులు, వంపు దగ్గర నొక్కు ఉంటే పక్కన పెట్టేయండి. విశాఖ ఉప్పుగాలికి పైన కాస్త రంగు మారితే కంగారు అక్కర్లేదు.

తర్వాత వేడినీళ్లు. 55 డిగ్రీల నీళ్లలో ఒక చివర రెండు సెంటీమీటర్లు ముంచి, పై కొస పట్టుకోండి. కొన్ని సెకన్లలోనే వేడెక్కాలి. అసలు వేడెక్కకపోతే సీలు పోయి గాలి చొరబడి ఉంటుంది. పై భాగంలో కొంత మేర మాత్రమే చల్లగా ఉంటే లోపల కొంచెం గ్యాస్ చేరింది. సీల్ కొస మాత్రం మామూలుగానే కాస్త చల్లగా ఉంటుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వేడి కింద ఉంటే నీరు తన బరువుకే కిందికి జారుతుంది కాబట్టి, వత్తి పాడైన పైపు కూడా పాసైపోతుంది! అందుకే తలకిందులు చేయాలి. పై చివరకు వేడి పుట్టించే రెసిస్టర్ బిగించిన అల్యూమినియం దిమ్మ, కింది చివరకు నీళ్లు పారే దిమ్మ పెట్టి, మధ్య భాగాన్ని ఇన్సులేషన్‌తో చుట్టండి. రెండు చివరలా థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అంటించండి. రెసిస్టర్ వేడిని 5 వాట్ల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ రీడింగ్ నిలకడగా అయ్యేదాకా ఆగండి. ఒక దశలో వేడి చివర ఉష్ణోగ్రత ఆగకుండా ఎగబాకుతుంది. వత్తి ఎండిపోయిందన్నమాట. వెంటనే కరెంటు తీసేయండి. దానికి ముందు మెట్టు వాట్లే ఆ పైపు సత్తా.

కింది దిమ్మలో పారించడానికి మే నెల మధ్యాహ్నం వేడెక్కిన డాబా ట్యాంకు నీళ్లు వాడితే ఉదయం లెక్కకూ దీనికీ పొంతన కుదరదు. నీటి ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

పాసైన వాటిలో కొన్నింటిని ఓవెన్‌లో కొన్ని రోజులు ఉంచి, మళ్లీ ఇదే పరీక్ష చేయండి. రెండు చివరల మధ్య తేడా పెరిగితే సన్నని లీకో, లోపల శుభ్రం చేయకపోవడమో కారణం. మంట మీద మాత్రం వేడి చేయకండి. 200 డిగ్రీల దగ్గర లోపలి ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 15 రెట్లు, గొట్టం పేలిపోవచ్చు.