రక్తం ఇవ్వడం సులువే, లేవడం దగ్గరే జాగ్రత్త

తిరుపతిలో రక్తం ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. రుయాలోనో స్విమ్స్‌లోనో ఎవరికైనా ఆపరేషన్ అంటే ఫోను చేసిన గంటలో కుర్రాళ్లు బండ్ల మీద వచ్చేస్తారు. ఏళ్లుగా నేనూ ఇస్తున్నాను, శిబిరాల్లో దాతల పక్కన కూర్చుంటున్నాను. సూది గుచ్చేటప్పుడు సొమ్మసిల్లినవాళ్లను చూసింది తక్కువ. అంతా అయిపోయాక, హుషారుగా లేచి నడుస్తూ పడినవాళ్లే ఎక్కువ.

ముందుగా అర్హత. వయసు 18 నుంచి 65 లోపు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు (డెసీలీటరుకు) ఉండాలి. ఒకసారి ఇచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. పచ్చబొట్టు వేయించుకుని ఏడాది కాకపోతే ఇవ్వకూడదు. ఈమధ్య జ్వరం వచ్చినా, మాత్రలు వాడుతున్నా చెప్పండి. వాళ్లిచ్చే కాగితంలోని ప్రశ్నలకు నిజమే రాయండి. ఎలాగూ పరీక్ష చేస్తారు కదా అనుకోవద్దు. ఒంట్లోకి కొత్తగా చేరిన వైరస్ కొన్ని రోజుల వరకు పరీక్షకు దొరకదు.

ఖాళీ కడుపుతో రావద్దు. మన ఊళ్లో శనివారం ఉపవాసాలు ఎక్కువ. ఉపవాసం ఉండి రక్తం కూడా ఇస్తే పుణ్యం రెట్టింపు అనుకుని వచ్చేవాళ్లున్నారు. ఉపవాసం శనివారమైతే రక్తం ఆదివారం ఇవ్వండి. రెండు గంటల ముందు నాలుగు ఇడ్లీలు తినాలి. నేతిదోశ వద్దు, పూరీ అసలే వద్దు. కొవ్వు ఎక్కువ తిని వస్తే ప్లాస్మా, అంటే రక్తంలోని పసుపు ద్రవం, పాలలా తెల్లబడి పనికిరాకుండా పోవచ్చు. అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగండి. టీ తాగాం కదా అంటారు కొందరు. టీ వేరు, నీళ్లు వేరు.

మంచం మీద పని చిన్నదే. కుడిచేతివాటం వాళ్లు ఎడమ చెయ్యే ఇవ్వాలి. సంచిలోకి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీసుకుంటారు, పది నిమిషాలు కూడా పట్టదు. పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండండి. సూది తీశాక దూది మీద గట్టిగా నొక్కి, చెయ్యి చాచి పైకెత్తి పట్టుకోండి. మోచెయ్యి మడిచి పెట్టుకునే అలవాటు మానుకోండి. మడత విప్పగానే మళ్లీ కారుతుంది, చర్మం కింద రక్తం చేరి వారం రోజులు నల్లగా కములుతుంది.

ఇక అసలు సంగతి. సూది తీయగానే లేవకూడదు. శరీరంలో రక్తం కొంత తగ్గింది. పడుకున్నంతసేపు గుండెకూ మెదడుకూ ఎత్తులో తేడా ఉండదు కాబట్టి ఇబ్బంది తెలియదు. ఒక్కసారిగా నిలబడితే ఉన్న రక్తం కాళ్లలోకి దిగుతుంది. కొందరిలో సరిగ్గా అప్పుడే గుండె వేగం తగ్గి, రక్తనాళాలు వదులై, రక్తపోటు పడిపోతుంది. ఇది భయస్థులకే జరుగుతుందనుకోవద్దు. కసరత్తు చేసే కుర్రాళ్లు పడటమూ చూశాను.

అందుకే నా పద్ధతి ఇది. ఐదు నిమిషాలు పడుకునే ఉండండి. పాదాలు ఆడించండి, తొడలు బిగించి వదలండి. తర్వాత కాళ్లు కిందికి వేలాడేసి మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోండి. అప్పుడు నిలబడండి, అదీ ఎవరైనా పక్కన ఉండగా. ఆపైన కుర్చీలో పావుగంట. బిస్కెట్టు, పండ్లరసం అక్కడే తినండి, తాగండి. జేబులో వేసుకుని బయల్దేరకండి. పనుంది, బండి అడ్డంగా పెట్టాను అనే మాటలు నేను వినను.

ఒక శిబిరంలో ఒక అబ్బాయి కుర్చీలో కూర్చుని గలగలా మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఒకటి, రెండు, మూడు ఆవులింతలు. పై పెదవి మీద సన్నగా చెమట, పెదవుల రంగు సున్నం పూసినట్టు. “నాకేం కాలేదన్నా” అంటూనే లేవబోయాడు. భుజం పట్టి అక్కడే నేల మీద పడుకోబెట్టి, కాళ్లు కుర్చీ మీద పెట్టాం. రెండు నిమిషాల్లో రంగు తిరిగింది. ఆ ఆవులింతలు చూడకపోతే మెట్ల మీద పడేవాడు. మీకు చెవుల్లో హోరు వచ్చినా, చూపు మసకబారినా సిగ్గుపడకుండా ఉన్నచోటే పడుకోండి. సొమ్మసిల్లినవాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకండి. చుట్టూ మూగకండి, లేపి నడిపించకండి.

కళ్లు తిరగడం ఇంటికి వెళ్లాక కూడా రావచ్చు. ఆ రోజు స్నానాల గదికి గడియ పెట్టుకోవద్దు, వేడినీళ్ల స్నానమూ వద్దు. బండి వేరేవాళ్లు నడపాలి. బరువులు ఎత్తకూడదు. పొద్దున రక్తం ఇచ్చి సాయంత్రం అలిపిరి మెట్లెక్కుతామనేవాళ్లను చేతులు పట్టుకుని ఆపుతాను. అవి 3,550 మెట్లు. కొండకు మర్నాడు కూడా కాదు, మూడో రోజు వెళ్లండి, లేదా ముందే వెళ్లి రండి.

తగ్గిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది కాబట్టి మజ్జిగ, నిమ్మరసం, నీళ్లు ఎక్కువగా తాగండి. ఎర్రకణాలకు వారాలు పడుతుంది, ఇనుముకు ఇంకా ఎక్కువ. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుని తినండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది. గంట ఆగండి.

ఇచ్చిన రోజే క్యాలెండర్‌లో మళ్లీ ఇవ్వదగిన తేదీకి సున్నా చుట్టండి. వేసవిలో కాలేజీలు మూసి విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోతే శిబిరాలు తగ్గిపోతాయి. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. ఆ సున్నా మే నెలలో పడితే ఆ తేదీ దాటనివ్వకండి.