న్యూయార్క్‌లో సిటీ కో-ఆప్ ఫ్లాట్: దరఖాస్తు సులువే, డబ్బు ఎక్కడిదో చూపడమే కష్టం

పన్నులు కట్టక ఒకప్పుడు న్యూయార్క్ నగరపాలక సంస్థ చేతికి వచ్చిన పాత భవనాలను బాగుచేయించి, వాటిలో ఉంటున్న అద్దెదారులకే కో-ఆప్‌గా అప్పగించే పథకాలు ఉన్నాయి. ఖాళీగా మిగిలిన ఫ్లాట్లు, సింగిల్ బెడ్‌రూమ్‌వి సహా, మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు లాటరీలో వస్తాయి. ఉన్న అద్దెదారులు 2,500 డాలర్లకు కొనుక్కున్నారని విని ఆశపడొద్దు. ఆ ధర వాళ్లకే. మీకు వర్తించేది ప్రకటనలో వేసిన ధర.

కో-ఆప్‌లో ఫ్లాట్ మీ పేరున రిజిస్టర్ కాదు. భవనం మొత్తానికి యజమాని ఒక సంస్థ. ఈ పథకంలో దాన్ని హెచ్‌డీఎఫ్‌సీ (హౌసింగ్ డెవలప్‌మెంట్ ఫండ్ కార్పొరేషన్) అంటారు, మన దగ్గరి ఆ పేరు బ్యాంకుతో సంబంధం లేదు. మీ చేతికొచ్చేవి అందులో షేర్లు, ఫ్లాట్‌లో ఉండే హక్కునిచ్చే లీజు. లోను కంతు కాక నెలనెలా మెయింటెనెన్స్ వేరే. కొని అద్దెకిచ్చుకుందాం అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు: మీరే కాపురం ఉండాలి, తిరిగి అమ్మేటప్పుడు కొనేవాళ్ల ఆదాయానికి పరిమితి ఉంటుంది, ధరకూ ఉండొచ్చు.

దరఖాస్తు నగరం నడిపే హౌసింగ్ కనెక్ట్ సైటులో. ఫీజు లేదు. గడువులోపు ఎప్పుడు వేసినా ఒకటే, వరుస సంఖ్య లాటరీలో పడుతుంది. కాబట్టి ‘ముందు నంబరు ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే అది ఉత్త మాటే. అలాంటివాళ్లు ఒక్కోసారి భర్త పేరుతో ఒకటి, భార్య పేరుతో ఒకటి వేసేస్తారు. ఒకే కుటుంబం నుంచి రెండు వెళ్తే అనర్హత మీకు, కమీషన్ వాళ్లకు. సాయం కావాలంటే నగరం గుర్తించిన హౌసింగ్ అంబాసిడర్ సంస్థలు ఉచితంగానే చేస్తాయి. సింగిల్ బెడ్‌రూమ్‌కు మామూలుగా ఒకరి నుంచి ముగ్గురి వరకే. నలుగురుంటే ఆ ఫ్లాట్ మీది కాదు.

ఆదాయం దగ్గర చేతికొచ్చే జీతం రాయొద్దు, కోతలకు ముందు మొత్తం రాయాలి. రెండు వారాలకోసారి జీతమైతే 26తో గుణించాలి, 24తో కాదు. కోతలకు ముందు 2,400 డాలర్లైతే ఏడాదికి 62,400; 24తో వేస్తే 57,600 వస్తుంది. పరిమితి ఆ రెంటి మధ్య ఉంటే కాగితాలు చూసే రోజున తేడా బయటపడుతుంది. ఓవర్‌టైమ్ కూడా లెక్కలోకే వస్తుంది.

నంబరు పిలుపొచ్చాక అసలు కథ. పే స్టబ్‌లు (జీతం చీటీలు), పన్ను రిటర్నులు, డబ్ల్యూ-2లు (యజమాని ఇచ్చే ఏడాది జీతం, పన్ను పత్రాలు) దాదాపు అందరి దగ్గరా ఉంటాయి. ఎక్కువమంది ఆగిపోయేది డౌన్ పేమెంట్ డబ్బు దగ్గర. లోనిచ్చే బ్యాంకు కనీసం రెండు నెలల స్టేట్‌మెంట్లు చూస్తుంది, ఆ భవనం లాటరీ నడిపి కాగితాలు పరిశీలించే ఏజెంటు అంతకన్నా ఎక్కువ అడగొచ్చు. వాటిలో జీతం కాని పెద్ద మొత్తం కనిపిస్తే ప్రతిదానికీ ఆధారం చూపాలి. చిట్టీ పాడిన సొమ్ము, స్నేహితులు తలో కొంచెం పంపినది, చేతిలో నగదు తెచ్చి వేసినది: ఇవి నిజాయితీ డబ్బే అయినా కాగితం లేకపోతే బ్యాంకు లెక్కలో లేనట్టే.

ఇంటి దగ్గర నుంచి అమ్మానాన్న పంపే డబ్బుకు మాత్రం దారి ఉంది. తిరిగి ఇవ్వక్కర్లేదని వాళ్లు సంతకం చేసిన గిఫ్ట్ లెటర్, వాళ్ల ఖాతా స్టేట్‌మెంటు, బ్యాంకు ద్వారా పంపినట్టు స్విఫ్ట్ కాపీ, మూడూ కావాలి. మూడింటిలోనూ పేరు ఒకటే ఉండాలి. లెటర్ నాన్నది, డబ్బు వచ్చింది బావమరిది ఖాతా నుంచి అంటే చెల్లదు. ఒకచోట ఇనీషియల్, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు ఉంటే పాస్‌పోర్టు కాపీ జతచేయండి. నిజంగా అప్పయితే గిఫ్ట్ అని రాయించొద్దు. లోను కాగితాల్లో అబద్ధం రాయడం ఇక్కడ నేరం. హవాలా జోలికి అసలు పోవద్దు.

పంపేవాళ్లకు భారత్‌లో పరిమితి ఆర్థిక సంవత్సరానికి మనిషికి 2,50,000 డాలర్లు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. 16 లక్షలు పంపితే ఇంకో 1.2 లక్షలు అదనంగా సిద్ధం పెట్టుకోవాలి, రిటర్నులో సర్దుకుంటుంది. అమ్మకూ నాన్నకూ విడిగా సొంత డబ్బుంటే చెరో ఎనిమిది లక్షలు పంపొచ్చు. అప్పుడు లెటర్లూ రెండు.

ఎప్పుడు తెప్పించాలన్నదీ చూసుకోవాలి. ప్రకటనలో ఆస్తి పరిమితి ఉంటే, ముందే తెప్పించి ఖాతాలో పెట్టుకున్న డబ్బు మిమ్మల్ని ఆ గీత దాటించొచ్చు. మరీ చివర్లో వస్తే ఆధారాలు చూసే సమయం ఉండదు. పరిమితిలోకి ఏవేవి వస్తాయో ఏజెంటును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఊళ్లో మీ పేరున స్థలమో ఇల్లో ఉంటే అడిగినచోట రాయాల్సిందే. దాచి దొరికితే పోయేది ఈ ఒక్క ఫ్లాటే కాదు.

డౌన్ పేమెంట్‌కు నగరం ఇచ్చే హోమ్‌ఫస్ట్ సాయం 1,00,000 డాలర్ల వరకు ఉంటుంది. దానికి ముందే గుర్తింపు ఉన్న సంస్థ దగ్గర కొనుగోలుదారుల శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకోవాలి. ధరలో 3 శాతం మీ వాటా, అందులో కనీసం 1 శాతం మీ సొంత పొదుపు. గిఫ్ట్ ఒక్కదాంతో పని జరగదు. అన్ని బ్యాంకులూ హెచ్‌డీఎఫ్‌సీ షేర్ల మీద లోను ఇవ్వవు. ప్రీ-అప్రూవల్ లెటర్ (లోను ఇవ్వొచ్చని బ్యాంకు ముందుగా ఇచ్చే లేఖ) తీసుకునే ముందే ఆ మాట అడగండి.

సంతకానికి ముందు మీ లాయరు భవనం జమాఖర్చులు, పన్ను బకాయిలు, రిజర్వు నిధి, సంస్థ మీదున్న అప్పు చూడాలి. కొత్త టైల్స్ అందరికీ కనిపిస్తాయి. పైకప్పు, బాయిలర్, నిలువు గొట్టాలు మార్చారో లేదో అడిగితేనే తెలుస్తుంది. మార్చకపోతే ఆ ఖర్చు రేపు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది.

తిరస్కరణ లేఖ వచ్చినా వదిలేయొద్దు. అప్పీలుకు సాధారణంగా పది పనిదినాలు ఇస్తారు, అసలు గడువు లేఖలోనే ఉంటుంది. లేఖలో రాసిన కారణానికి మాత్రమే జవాబిస్తూ, దాన్ని కొట్టేసే కాగితం జతచేసి రాతపూర్వకంగా పంపండి. ఫోన్లో చెప్పింది ఫైలులోకి ఎక్కదు.