వరంగల్ నుంచి ఉచితంగా, తక్కువ ఖర్చుతో: బస్సుకు బోర్డు, రైలుకు నంబరు చూసుకోండి

టీజీఎస్‌ఆర్టీసీ బస్సుల్లో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తోంది. తెలంగాణ ఆడవాళ్లకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని బస్సులకు ఇది వర్తించదు. ఒకే ఊరికి ఈ రకాలన్నీ పోతాయి కాబట్టి ఊరి పేరు ఒక్కటే చూసి ఎక్కితే చార్జీ కట్టాల్సి వస్తుంది. ముందు అద్దం మీద ఏ సర్వీసో చదవండి, అనుమానముంటే మెట్టు ఎక్కకముందే కండక్టర్‌ను అడగండి.

కార్డు విషయంలోనే ఎక్కువ పేచీలు వస్తాయి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ప్రభుత్వ గుర్తింపు కార్డు ఏదైనా సరిపోతుంది, కానీ అసలుదే ఉండాలి. జిరాక్స్, ఫోన్‌లో తీసిన ఫొటో పనికిరావు. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి దాన్ని ఒప్పుకోరు. ఫొటో గుర్తుపట్టలేనంత పాతదైనా, చిరునామా తెలంగాణది కాకపోయినా ఆధార్ కేంద్రంలో మార్పించుకోండి. రోజూ బస్సులో కండక్టర్‌తో వాదించే కన్నా ఒక్కసారి అక్కడ నిలబడటం నయం.

కార్డు చూపించాక జీరో టికెట్ అడిగి తీసుకోండి. "ఎట్లాగూ ఉచితమే కదా" అని వదిలేయొద్దు. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. తనిఖీలో టికెట్ లేకుండా దొరికితే ఉచిత ప్రయాణికురాలికైనా 500 రూపాయల వరకు జరిమానా పడొచ్చు, కండక్టర్ ఉద్యోగానికీ ముప్పే. దిగేదాకా దాచుకోండి. తల్లితో వచ్చే మగపిల్లలకు ఈ పథకం లేదు: 5 ఏళ్లలోపు వారికి టికెట్ అక్కర్లేదు, 5 నుంచి 12 ఏళ్ల వారికి హాఫ్ టికెట్. ఆదిలాబాద్ వైపు నుంచి మహారాష్ట్రకు పోయే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితం తెలంగాణ సరిహద్దు వరకే, ఆ తర్వాతి దూరానికి చార్జీ కట్టాలి.

హైదరాబాద్ పోయేవాళ్లు ఉప్పల్‌లో దిగాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు కూడా ఉచితమే. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సు. మెట్రో రైలుకూ, మెట్రో డీలక్స్ బస్సుకూ మాత్రం డబ్బు కట్టాలి. హన్మకొండ నుంచి ఉప్పల్‌కు ఎక్స్‌ప్రెస్ దొరకని వేళ జనగామ వరకు ఒకటి, అక్కణ్నుంచి మరొకటి పట్టుకోవచ్చు. సమయం పెరుగుతుంది, ఖర్చు పెరగదు. ఏ బస్సు ఎప్పుడుందో, ఎక్కడ ఇబ్బందైందో ఆర్టీసీ కాల్ సెంటర్ 040-69440000కు చెప్పి అడగొచ్చు.

మగవాళ్లకు అన్నిటికన్నా చవక రైలు జనరల్ బోగీయే. ప్యాసింజర్ రైలు కనీస టికెట్ 10 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌కు 30. ఇక్కడ చాలామంది పొరబడేది టికెట్ రకం దగ్గర. ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు, ఎక్స్‌ప్రెస్ టికెట్‌తో సూపర్‌ఫాస్ట్ ఎక్కకూడదు. రైలు నంబరు 12తోనో 20తోనో 22తోనో మొదలైతే అది సూపర్‌ఫాస్ట్, జనరల్ టికెట్ మీద ఇంకో 15 రూపాయలు కట్టాలి. శాతవాహన నంబరు 12713, కాబట్టి కట్టాలి. గోల్కొండ 17201, భాగ్యనగర్ 17233, వీటికి అక్కర్లేదు. ఆ 15 రూపాయలు మిగిలాయనుకుని ఎక్కితే తనిఖీలో కనీసం 250 కట్టించుకుంటారు. వందేభారత్‌కు జనరల్ బోగీలే ఉండవు.

వరంగల్, కాజీపేట కౌంటర్ల ముందు క్యూ పెరిగినప్పుడు రైల్‌వన్ యాప్‌లో జనరల్ టికెట్ తీసుకోండి, స్టేషన్‌లోకి రాకముందే. ప్లాట్‌ఫాం మీదికి, పట్టాల దగ్గరికి చేరాక ఫోన్ లొకేషన్ చూసి యాప్ టికెట్ ఇవ్వదు. ఈ టికెట్ రద్దు కాదు, కాబట్టి రైలు ఖాయం చేసుకున్నాకే కొనండి. స్క్రీన్‌షాట్ చెల్లదు. టీటీఈ వచ్చినప్పుడు యాప్ తెరిచే చూపాలి కనుక ఫోన్‌లో చార్జింగ్ ఉంచుకోండి. 199 కిలోమీటర్ల లోపు టికెట్‌తో తీసుకున్న 3 గంటల్లోపు, లేదా ఆ వైపు పోయే మొదటి రైలు బయల్దేరేలోపు, రెండింటిలో ఏది ఆలస్యమైతే అప్పటిలోగా ప్రయాణం మొదలుపెట్టాలి. పొద్దున తీసిపెట్టి సాయంత్రం ఎక్కడం కుదరదు.

రోజూ పోయి వచ్చేవాళ్లు విడి టికెట్లు కొంటూ పోవద్దు, నెలవారీ సీజన్ టికెట్ తీసుకోండి. 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు, వరంగల్–సికింద్రాబాద్ దూరం ఆ లోపే. దీంతో రిజర్వుడు బోగీల్లో కూర్చోకూడదు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే ఆ రుసుం కూడా కలిపి తీసుకోవాలి. జమ్మికుంట, పెద్దపల్లి, మహబూబాబాద్ నుంచి కాలేజీలకు వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. ఇంటికీ చదువుకునే చోటికీ మధ్య డిగ్రీ వరకు అమ్మాయిలకు, 12వ తరగతి వరకు అబ్బాయిలకు రైల్వే సెకండ్ క్లాస్ సీజన్ టికెట్‌ను ఉచితంగా ఇస్తుంది. ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉన్న ధ్రువపత్రంతో స్టేషన్ బుకింగ్ కౌంటర్‌లో అడగాలి. పత్రం మీద రాసిన స్టేషన్ పేరు ఇంటి చిరునామాకు దగ్గరి స్టేషన్‌తో సరిపోయిందో లేదో కాలేజీలోనే చూసుకోండి. తేడా ఉంటే కౌంటర్ దగ్గర వెనక్కి పంపేస్తారు.