పెద్ద జాతి కుక్కను పెంచే ఖర్చు: ముందుగా లెక్క వేసుకునే విధానం

పెద్ద జాతి కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకునేవారు సాధారణంగా దాని ధర అడిగి ఊరుకుంటారు. నిజానికి లెక్క మొదలుపెట్టవలసింది అది పెరిగాక ఎంత బరువు తూగుతుందన్న దగ్గర. మగ లాబ్రడార్ 30 నుంచి 36 కిలోలు తూగుతుంది; గ్రేట్ డేన్ 60 కిలోలు దాటడం మామూలే. పిల్ల తల్లిదండ్రుల బరువు కనుక్కుని, ఆ అంకెను కాగితం మీద రాసుకోండి.

తరువాత ఒక్కొక్క ఖర్చు బరువును బట్టి పెరుగుతుందో లేదో చూడాలి. టీకా మోతాదు ఏ కుక్కకైనా ఒకటే. తిండి పెరుగుతుంది గానీ బరువు పెరిగినంతగా కాదు: 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 170 గ్రాముల పొడి ఆహారం సరిపోతే, 40 కిలోల కుక్కకు 480 గ్రాముల దాకా, అంటే నెలకు దాదాపు 15 కిలోలు కావాలి. జేబు తెలియకుండా ఖాళీ అయ్యేది మందుల దగ్గరే. నట్టల మందు, యాంటీబయాటిక్, ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు, అన్నీ కిలోల లెక్కనే ఇస్తారు. పిడుదుల మాత్రలను బరువుల వారీగా అమ్ముతారు కనుక, 20 నుంచి 40 కిలోల మాత్ర వేసుకునే కుక్క 41కి చేరితే పై రకం కొనవలసిందే.

పెరిగే వయసులో, అంటే సుమారు ఏడాదిన్నర వరకు, పెద్ద జాతి పిల్లలకోసం తయారైన ఆహారమే పెట్టాలి. ఎముకలు గట్టిపడతాయని విడిగా కాల్షియం పోస్తే కీళ్లు దెబ్బతింటాయి; ఆ డబ్బా కొనకపోవడం రెండు విధాలా లాభం. కేజ్ మాత్రం ఎదిగిన కుక్కకు సరిపడేది, మధ్యలో అడ్డు పెట్టుకునేది కొంటే మళ్లీ కొనే పని ఉండదు.

వెనకాడకూడని ఖర్చు ఒకటుంది. లోతైన ఛాతీ గల పెద్ద కుక్కలలో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఎక్కువ. పొట్ట డోలులా బిగిసి, కుక్క పదేపదే వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే, గంటల్లోనే ఆపరేషన్ చేయాలి, దానికి పెద్ద మొత్తమే అవుతుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ సమయంలోనే కడుపు మెలిపడకుండా దాన్ని పొట్ట లోపలి గోడకు కుట్టించే వీలుందేమో వైద్యుణ్ణి అడగండి. బీమా తీసుకోదలిస్తే జబ్బు బయటపడకముందే తీసుకోవాలి. అంతకుముందే ఉన్న జబ్బులకు సాధారణంగా అది వర్తించదు.

నెలవారీ ఖర్చు మొత్తం తేలాక, కుక్కను తేవడానికి మూడు నెలల ముందునుంచే ఆ సొమ్మును విడిగా తీసిపెడుతూ రండి. ఇల్లు ఇబ్బంది లేకుండా గడిస్తే, ఆ పోగైన డబ్బునే అత్యవసర వైద్యానికి కదపకుండా ఉంచుకోండి.