శ్రీముఖలింగం ఆలయాల చేరువలోని పాత ఇళ్లలో మూసివేసిన పొగగొట్టాన్ని తిరిగి తెరవడానికి దరఖాస్తు విధానం

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలం శ్రీముఖలింగంలోని ముఖలింగేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాటి చేరువలోని పాత ఇంట్లో, గ్యాస్ పొయ్యి వచ్చాక ఇటుకలు పేర్చి మూసేసిన వంటగది పొగగొట్టాన్ని మళ్లీ తెరవదలచినవారు పని మొదలుపెట్టకముందే అనుమతి పొందాలి. ఇంటి లోపలి పనికి అనుమతి ఎందుకన్న సందేహం సహజమే గాని, ఇక్కడ మరమ్మతుకు సైతం దరఖాస్తు తప్పదు.

ప్రాచీన కట్టడాల చట్టం, 1958కి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతపు హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది గోపురం దగ్గర కాదు, రక్షిత ప్రాంతపు హద్దు దగ్గర. మూడు ఆలయాలూ ఒకేచోట లేవు కనుక మీ ఇంటికి ఏది దగ్గరో చూసి, దాని హద్దు నుంచే దూరం చూపాలి.

నిషిద్ధ ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టిన ఇంటికి, మరమ్మతు లేదా పునరుద్ధరణ కోసం మాత్రమే దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అడ్డుగా పెట్టిన ఇటుకలు తీసి, లోపలి మసి దులిపి, పగుళ్లకు సున్నం పూయడం మరమ్మతు కిందకు వస్తుంది. పొగ బాగా పోతుందని గొట్టాన్ని రెండడుగులు పైకి లేపితే అది నిలువుగా చేర్చిన కొత్త నిర్మాణం అవుతుంది. పెంకు వేసే రోజుల్లో పైభాగాన్ని పూర్తిగా కూల్చేసి ఉంటే, దాన్ని పాత కొలతల్లోనే తిరిగి లేపినా పునర్నిర్మాణమే. నియంత్రిత ప్రాంతంలో అందుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు గాని నిషిద్ధ ప్రాంతంలో ఆ వెసులుబాటు లేదు. అందుచేత దరఖాస్తులో "చిమ్నీ నిర్మాణం" అని రాయకుండా, జరగబోయే పనిని ఉన్నదున్నట్టు వివరంగా రాయడం మేలు.

దరఖాస్తు ఈ అనుమతులిచ్చేందుకు రాష్ట్రానికి నియమితుడైన సమర్థ అధికారికి (కాంపిటెంట్ అథారిటీ) చేరాలి. దస్తావేజు నకలు, ఇల్లు వారసత్వంగా వచ్చినదైతే మిగతా హక్కుదారుల సమ్మతి పత్రం, ఆలయపు హద్దుకూ ఇంటికీ మధ్య దూరం చూపే పటం, ఇంటి ఫొటోలు, ఇప్పటి స్థితినీ చేయబోయే పనినీ విడివిడిగా చూపే ప్లాన్లు సిద్ధం చేసుకోవాలి. ఇంటి ఎత్తును పొగగొట్టం కొసదాకా మీటర్లలో రాయాలి. రెండు ప్లాన్లలోనూ ఆ అంకె ఒక్కటే ఉండాలి. 1992కు ముందు నుంచీ ఇల్లు ఉందనడానికి పాత ఇంటి పన్ను రశీదు గట్టి ఆధారం. ట్రంకుపెట్టె అడుగున అలాంటిదేమైనా దొరుకుతుందేమో ముందు వెతకండి, లేకుంటే పంచాయతీలో పాత పన్ను రికార్డు నకలు అడగండి.

సమర్థ అధికారి దరఖాస్తును 15 రోజుల్లో జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు (నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ) పంపాలి. ఆ సంస్థ రెండు నెలల్లో తన అభిప్రాయం తెలపాలి, అది అందిన నెలలోపు అధికారి అనుమతినో తిరస్కరణనో తెలియజేయాలి. తిరస్కరించే ముందు దరఖాస్తుదారు వాదన వినాలి. నిషిద్ధ ప్రాంతంలో చట్టాన్ని మీరి నిర్మాణం చేపట్టినవారికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అనుమతి పత్రం చేతికొచ్చాక దాని నకలు పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, స్థానికంగా మరే అనుమతైనా కావాలేమో కనుక్కున్న తర్వాతే తాపీ మేస్త్రిని పిలవాలి. ఇటుకలు తీసిన రోజే పొయ్యి వెలిగించకూడదు. పక్షి గూళ్లు, రాలిన గార తీసేశాక, గొట్టం పైకొసను తడిగోనెతో మూసి, కింద కాస్త పచ్చి ఆకు పొగబెట్టి, పొగ ఎక్కడి నుంచి బయటికొస్తుందో పక్క గదుల్లోనూ అటక మీదా చూడాలి. ఆ సమయంలో తలుపులు, కిటికీలు తెరిచే ఉంచాలి. గొట్టాన్ని ఆనుకుని కర్ర దూలం ఉన్నచోట పొగ కారితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. గోడ లోపల గుల్లబారి, కొంత భాగం తిరిగి కట్టక తప్పదని మేస్త్రి తేల్చితే, పని అక్కడికక్కడే ఆపి, మారిన వివరాలను సమర్థ అధికారికి రాతపూర్వకంగా తెలపాలి.